జోలాపుట్టు ఒడ్డున పడుకున్న రాత్రులు

జోలాపుట్టు నీళ్ళు నాకంటే చిన్నవిరా. నేను పుట్టేసరికి అక్కడ చెరువన్నది లేదు. ఏరు ఉండేది. ఏటికి అటూ ఇటూ పల్లపు మళ్ళు, పనస చెట్లు, ఊళ్ళు ఉండేవి. ఇప్పుడు మీ ఈడు కుర్రాళ్ళు పట్నం వాళ్ళని వెంటబెట్టుకుని అక్కడికి గుడారాలు మోసుకెళ్తున్నారు. ఒడ్డున పడుకుని, పొద్దున్నే మంచు లేవడం చూసి, తాతల నాటి చెరువని చెప్పుకుంటూ తిరిగొస్తున్నారు. తాతల నాటిది కాదు. ఈ తాతే దానికన్నా పెద్ద. అందుకే ఈ రాత్రి ఆ సంగతి చెప్తాను, వినండి. ఆ దుంగ కొంచెం లోపలికి తొయ్యి నాయనా. మంట పైకి లేవక్కర్లేదు, నిప్పు ఉంటే చాలు.

ముందు నీళ్ళ దారి తెలియాలి. మన ఈ కొండల వరస మీద పడ్డ వానకి రెండు దారులు. తూర్పు వాలున పడ్డది గోస్తని అవుతుంది. బొర్రా గుహల్లోంచి దూరి, కిందకి జారి, తాటిపూడి దగ్గర కాస్త ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పడమటి వైపుది మాచ్‌ఖండ్ ఏరు. అది మాడుగుల కొండల్లో పుట్టి, హుకుంపేట వైపు మత్స్యగుండంలో దేవుడి చేపలకి ఇల్లయి, ఉత్తరానికి తిరిగి, ఒడిశా సరిహద్దు పట్టుకుని నడుస్తుంది. డుడుమ దగ్గర ఒక్కసారిగా 150 మీటర్లకి పైగా లోతున్న లోయలోకి దూకుతుంది. అక్కణ్ణుంచి బలిమెల, సీలేరు, శబరి. చివరికి కూనవరం దగ్గర గోదావరి. ఒకే మబ్బులోంచి పడ్డ రెండు చుక్కల్లో ఒకటి విశాఖపట్నం కుళాయిలోకి పోతే, రెండోది గోదావరిలోకి పోతుంది. చిన్నప్పుడు మా మామ ఇది చెప్తే నేను చాలా రోజులు వాన పడ్డప్పుడల్లా ఏ చుక్క ఎటు పోతుందా అని చూసేవాణ్ణి.

మా తాత నాటికి ఆ పడమటి దేశమంతా జయపురం రాజావారిది. మద్రాసు సర్కారు కింద, మన విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం విడిపోయాక కొరాపుట్టు అటు వెళ్ళింది. దాంతో ఏటికి ఈ గట్టు మనదీ, ఆ గట్టు ఒరిస్సాదీ అయింది. పిల్లనిచ్చుకోవడానికీ, సంతకి వెళ్ళడానికీ ఆ గీత ఎవరికీ అడ్డం రాలేదు. ఆనకట్ట కట్టాలన్నప్పుడే రెండు సర్కార్లూ కూచుని మాట్లాడుకోవాల్సి వచ్చింది. 1946లో మద్రాసు, ఒరిస్సా ఒప్పందం రాసుకున్నాయి. కరెంటులో మద్రాసుకి 70 పాళ్ళు, ఒరిస్సాకి 30 పాళ్ళు. ఇప్పుడైతే సగం సగం. తర్వాత 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు వాటా మనకొచ్చింది. 1955 ఆగస్టు 19న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ఆ కొండల్లోకి వచ్చి కరెంటు కేంద్రాన్ని ప్రారంభించేరు. మా మామ ఆ పనిలో రాయి మోసిన కూలీ. మన్నెం జ్వరంతో ఎందరో మధ్యలోనే వెనక్కొచ్చేసేరు. మామకీ జ్వరం పట్టింది గానీ వదిలింది. ఆయన నోట విన్నదే నాకు మొదటి జోలాపుట్టు.

కంటితో చూసింది తర్వాత. అప్పటికి నాకు మీసం మొలుస్తోంది. మన కొండల్లో కొత్తవలస–కిరండూల్ రైలు పని జోరుగా సాగుతోంది. బైలదిల్లా ఇనుప రాయిని విశాఖ రేవుకి దింపి జపానుకి పంపడానికి వేసిన లైను అది. 58 సొరంగాలు తొలిచేరు. శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున కట్టేరు, దేశంలో బ్రాడ్‌గేజి లైను మీద అంత ఎత్తు స్టేషను చాలా కాలం దాకా ఇంకోటి లేదు. గుడారం అనేదాన్ని నేను మొదట చూసింది ఆ రైలు సర్వే వాళ్ళ దగ్గరే. మందపాటి కాన్వాసు గుడ్డ, నాలుగు వైపులా మేకులు, లోపల మడత మంచం, లాంతరు. బయట వంట మనిషి. అడవిలో పడుకోవడానికి ఇంత సరంజామా ఎందుకని మా వాళ్ళు ఆశ్చర్యపోయేవారు. మాకు తెలిసింది కొమ్మలు, అడ్డాకులు, నెగడు. అంతే.

ఆ ఏడు ఇటుకల పండక్కి అక్కని తీసుకురమ్మని అమ్మ నన్నూ మామనీ పంపింది. అక్కని ఇచ్చింది ముంచంగిపుట్టు అవతల, జోలాపుట్టు నీళ్ళకి ఆవలి ఒడ్డు గూడేనికి. చైత్రం ఎండ. అరకు దాటి, డుంబ్రిగుడ, కించుమండ, పెదబయలు మీదుగా నడక. కావిట్లో చోడిపిండి, ఎండు చేప, చింతపండు, ఆకులో చుట్టిన ఉప్పు. భుజాన ఆనప బుర్రలో అంబలి. ఎండిపోయిన ఆనపకాయ బుర్రలో పోసిన అంబలి ఎంత ఎండలోనూ చల్లగా ఉంటుంది. మీ స్టీలు సీసాలు ఆ పని చేయవు. దారిలో ఏ ఊరు వచ్చినా ఎవరో ఒకరు 'ఏ ఊరు, ఎవరింటికి' అని అడిగేవారు. మామ అక్క మామగారి పేరు చెప్పేవాడు. పేరు వినగానే కూర్చోబెట్టి నీళ్ళిచ్చేవారు. ఒక పెద్దావిడ మాత్రం 'ఏ ఊరు?' అని మళ్ళీ అడిగింది. మామ ఇప్పటి గూడెం పేరు చెప్పేడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, మునిగిపోయిన ఊరి పేరు తనే చెప్పింది. ఊరు పోయి అప్పటికి పదేళ్ళు దాటినా చుట్టుపక్కల వాళ్ళకి ఆ మనుషులు ఆ ఊరి మనుషులే.

పొద్దు వాలుతుండగా చివరి మలుపు తిరిగేం. నేను నీళ్ళు చూద్దామని ఆత్రంగా ఉన్నాను. ముందు కనబడింది నీళ్ళు కాదు, ఎడారి. ఎండాకాలానికి చెరువు బాగా దిగిపోయింది. చెట్ల వరస ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి నీటి దాకా గడ్డి పోచ లేని నేల. పెనం మీద చోడి రొట్టె పగిలినట్టు పగిలిపోయి ఉంది. పైన పచ్చటి కొండలు, కింద నీలం నీళ్ళు, మధ్యలో ఆ ఎర్రటి బోడి పట్టీ చెరువు చుట్టూ తిరిగి ఉంది. పూర్తిగా నిండితే జోలాపుట్టు మట్టం 2750 అడుగులు. దిగువన డుడుమ దగ్గర ఆపే చెరువుది 2590 అడుగులు. ఆ నీళ్ళు కిందకి వదిలే కొద్దీ పైన ఈ బోడి నేల తేలుతుంది. కొండ మీద ఎడారిని చేసింది ఎండ కాదు, నీళ్ళే. నిండా మునిగి, మళ్ళీ తేలి, మళ్ళీ మునిగే నేల మీద ఏ చెట్టూ బతకదు.

మన పిల్ల ఒకతె అమెరికా నుంచి ఫోన్లో చూపించింది, అక్కడా ఇలాంటిదే ఉందట. కొలరాడో నది మీద ఎడారి కొండల మధ్య గ్లెన్ కాన్యన్ ఆనకట్ట. 1963లో తూములు మూసేరు. ఆ చెరువు పేరు లేక్ పావెల్. నీళ్ళు దిగితే రాతి గోడల మీద తెల్ల చార కనబడుతుంది. జనం వెళ్ళి ఒడ్డున గుడారాలు వేసుకుంటారు. ఆ నీళ్ళ కిందా అక్కడి ఆదివాసుల పూర్వీకుల ఇళ్ళూ, రాతి మీద గీసిన బొమ్మలూ ఉన్నాయని చెప్పింది. వినగానే నాకు ఆ దేశం పరాయిది అనిపించలేదు.

సరే, ఆ సాయంత్రం సంగతి. అక్క మామగారు మా కోసం దోనె పడవ వేసుకుని ఈ ఒడ్డుకి వచ్చి కూర్చుని ఉన్నాడు. చెట్టు మానుని తొలిచి చేసిన పడవ. మేం ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టేడు. 'ఇప్పుడు కాదు. గాలి లేచింది' అన్నాడు. నీళ్ళు చూస్తే పెద్ద అలలేం లేవు. కానీ ఆయన కదల్లేదు. కొండ సందుల్లోంచి వచ్చే గాలి నడి చెరువులో ఒకలా, ఒడ్డున ఒకలా ఉంటుందనీ, నీళ్ళ కింద నిలబడ్డ మోళ్ళకి పడవ తగిలితే చీకట్లో ఎవరికీ తెలియదనీ చెప్పేడు. ఆ రాత్రి ఒడ్డునే పడుకున్నాం. మర్నాడూ గాలి ఆగలేదు. మరో రాత్రీ అక్కడే. మీరంతా కావాలని వెళ్ళి పడుకునే చోట మేం గాలికి లొంగి పడుకున్నాం. కానీ ఆ రాత్రుల్లో నేర్చుకున్నది నాకు జన్మంతా పనికొచ్చింది.

ముసలాయన చోటు వెతికిన తీరు చెప్పాలి. నేను నీటి పక్కన చదునుగా కనబడ్డ చోట కావిడి దించేను. 'అక్కడ వద్దు, అది దాహానికొచ్చే దారి' అన్నాడు. వంగి చూస్తే బురదలో కణుజు గిట్టల ముద్రలు, వాటి మీద ఎలుగు పంజా. చీకటి పడ్డాక నీళ్ళ దగ్గరికొచ్చే ప్రాణికి మనం అడ్డం ఉండకూడదు. గెడ్డ ఎండిపోయి ఇసక మెత్తగా ఉంది, అక్కడ పడుకుందామా అంటే, 'పైన ఏ కొండ మీద వాన పడుతోందో నీకు తెలుసా' అన్నాడు. చైత్రంలో మన కొండల్లో సాయంత్రప్పూట ఉరుముల వాన కొట్టి పోతుంది కదా. ఎక్కడో కురిసిన వాన ఎండు గెడ్డలోకి అరగంటలో దిగుతుంది. ఎండిన కొమ్మలున్న పెద్ద చెట్టు కిందా వద్దన్నాడు. ఆఖరికి నీటి చార కంటే పైన, గాలికి వీపు పెట్టి ఉన్న రాతి బండ పక్కన చోటు కుదిరింది.

అక్కడ ముందు చేసిన పని నిప్పు రాజెయ్యడం కాదు. కొమ్మతో చుట్టూ ఎండుగడ్డీ ఆకులూ ఊడ్చి, ఒక బార వెడల్పున నేల బయటపెట్టడం. చైత్రంలో కొండకి నిప్పంటుకుంటే ఆపే మనిషి లేడు. తర్వాత మూడు రాళ్ళు. చిన్న పుల్లలతో రాజేసి, మద్ది దుంగ ఒకటి అడ్డం పెట్టేడు. మద్ది నిదానంగా కాలుతుంది, తెల్లారే దాకా నిప్పు నిలబెడుతుంది. వెదురు కణుపు మూసి ఉన్నది నిప్పులో వెయ్యనివ్వలేదు, ఢామ్మని పేలుతుంది. దోమల కోసం పచ్చి వావిలి కొమ్మలు పైన వేసేడు. ఆ పొగ కళ్ళు మండించింది గానీ దోమ దరికి రాలేదు. నీటి ఒడ్డున పడుకునేవాడికి పులి కంటే దోమ పెద్ద శత్రువు. మన ఏజెన్సీలో జ్వరం తిన్నన్ని ప్రాణాలు ఏ మృగమూ తినలేదు. ఇప్పటికీ వానాకాలం వస్తే ఆశా అమ్మాయిలు రక్తపు చుక్క తీసుకుని పరీక్షలు చేస్తున్నారంటే ఊరికే కాదు. గుడారం వేసుకున్నా దోమతెర మర్చిపోకండి.

తిండి అంటారా? ముసలాయన పొద్దుట పట్టిన జెల్లలు తెచ్చేడు. ఉప్పు, పసుపు, చింతపండు పులుసు పట్టించి, అడ్డాకులో రెండు పొరలు చుట్టి, నారతో కట్టి, నిప్పు మీద కాదు, బూడిద కలిసిన నిప్పుల కింద పెట్టేడు. ఆకు నల్లబడి, విప్పితే ఆవిరి. చోడి సంకటితో తిన్నాం. ఇప్పుడు మీరు పట్నం వాళ్ళకి బొంగులో చికెన్ చేసిపెట్టి డబ్బులు తీసుకుంటున్నారు. మంచిదే, మన వంట మన పిల్లలకి నాలుగు డబ్బులు తెస్తోంది. అతిథులకి ఓసారి ఇలా ఆకులో చేప కూడా పెట్టండి.

భయం వేయలేదా అని అడుగుతున్నావా అమ్మా? వేసింది. నడిరాత్రి అవతలి కొండ మీంచి ఏదో అరుపు వచ్చింది. నాకు నిద్ర పట్టలేదు. ముసలాయనకీ పట్టలేదని చూసేను. ఆయన చూపు కొండ మీద లేదు, నీళ్ళ మీద ఉంది. నేను లేచి కూర్చుంటే, నెగడులోంచి ఒక కొరివి తీసి, చీకట్లో నీళ్ళ వైపు చూపించేడు.

'అదిగో, అక్కడ మా ఇల్లు' అన్నాడు.

నాకు నీళ్ళు తప్ప ఏం కనబడలేదు. ఆయన ఆగకుండా చెప్పుకుంటూ పోయేడు. ఆ రాతి కొనకి ఇవతల మామిడి గరువు. దాని దిగువన పెద్ద పల్లం, ఏడాదికి రెండు కార్లు పండేది. పల్లం పక్కన ఊట, ఏ ఎండకీ ఇంకేది కాదు. ఊట మీద తాత నాటిన పనస, అవతల తాత తమ్ముడు నాటిన పనస. వీటి మధ్యనుంచి సంతకి దారి. దారి మలుపులో పెద్దల రాళ్ళు. పేరు పేరునా ఏ రాయి ఎవరిదో చెప్పేడు. కొరివి ఆరిపోతే ఇంకోటి తీసేడు.

ఊరు పోయిన తీరూ చెప్పేడు. ముందు సర్కారు మనుషులు వచ్చి కొండ వాలున వరసగా కర్రలు పాతేరట. ఆ కర్రల దాకా నీళ్ళొస్తాయి, ఖాళీ చెయ్యండన్నారట. ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. ఏరు కిందకి పోతుంది గానీ కొండ ఎక్కుతుందా అన్నారు. పిల్లలు ఆ కర్రలు పీకి ఆడుకున్నారు కూడా. తర్వాత ఒక వానాకాలం ఏరు ముందుకు వెళ్ళడం మానేసి వెనక్కి నడిచింది. మొదట ఊట, ఆ తర్వాత పల్లం, ఆ తర్వాత గరువు. పెద్దలు ఊరి దేవత రాళ్ళు తవ్వి తీసి, తలమీద పెట్టుకుని పైకి తెచ్చుకున్నారు. జాకర దేవతకి కోడిని కోసి దారి చూపించమన్నారు. పశువులు వచ్చేయి, కుండలు వచ్చేయి, విత్తనాలు వచ్చేయి. పనస చెట్లు మాత్రం రాలేదు. ఆయన అదొక్కటే రెండు సార్లు అన్నాడు.

కాయితం ఉన్నవాళ్ళకి కొంత సొమ్ము దొరికింది. కాయితం లేనివాళ్ళే ఎక్కువ. మన్నెంలో పోడు కొట్టుకుని బతికేవాడికి కాయితం ఎవరిచ్చేరు? ఆ ఏటికి రెండు వైపులా కలిపి దాదాపు 3,000 కుటుంబాలు కదలాల్సి వచ్చింది. అందులో సగం మందికి పైగా ఆదివాసులు. వేరే చోట భూమి చూపించి సర్కారు స్థిరపరచింది కొన్ని వందల కుటుంబాలనే. మిగిలిన వాళ్ళు ముసలాయన లాగా నీటి చారకి పైన, రాళ్ళ నేలలో గూడెం కట్టుకుని, ఎండాకాలం నీళ్ళు దిగినప్పుడు తమ పాత మళ్ళు తేలితే వాటిలోనే ఏదో గింజ చల్లుకుని, వాన రాకముందే కోసుకునేవారు. తన భూమిలోనే దొంగలా సాగు చేసుకోవడం అది.

మర్నాడు పొద్దున్న ఒడ్డు వెంట నడిచి ఆయన చూపించిన చోటికి వెళ్ళేం. రాత్రి ఆయన చీకట్లో వేలుపెట్టి చెప్పినవన్నీ ఉన్నాయి. సగం నేలలో కూరుకుపోయిన రోలు. వరసగా గోడ పునాది రాళ్ళు. మూడు పొయ్యి రాళ్ళు, వాటి మధ్య మట్టి ఇంకా నల్లగా. పనస మోడు నీళ్ళలో నడుం లోతున నిలబడి ఉంది. మామ అటూ ఇటూ చూసి నేల మీద కూర్చుండిపోయేడు. ఆనకట్టకి రాయి మోసిన చేతులు ఆయనవి. ఆ రోజుల్లో ఎంత కూలిచ్చేరో, ఎంత గొప్పగా కట్టేరో ఎప్పుడూ చెప్పేవాడు. ఆ పొద్దుటి తర్వాత ఆ మాటలు ఆయన నోట నేను వినలేదు. ముసలాయనే ఆయన భుజం మీద చెయ్యి వేసి, 'నువ్వు మోయకపోతే ఇంకొకడు మోసును బావా' అని లేపేడు.

మూడో రోజుకి గాలి పడిపోయింది. తెల్లారుతుండగా దాటేం. అక్క ఒడ్డున నిలబడి ఏడుస్తోంది, మేం రెండు రోజులుగా ఎదురు ఒడ్డున కనబడుతూ రాలేకపోతే మునిగిపోతామేమో అనుకుందట. ఆ రాత్రి వాళ్ళింట్లో కిరసనాయిలు బుడ్డి వెలుగులో అన్నం తిన్నాం. కొండ మీదికి చూస్తే కరెంటు స్తంభాలు, వాటి తీగలు. ఆ ఇంటి నేలని ముంచిన నీళ్ళు డుడుమ దగ్గర సొరంగంలోకి దూరి, గొట్టాల్లోంచి లోయ అడుక్కి దూకి, యంత్రాలు తిప్పి, ఆ తీగల మీదుగా విశాఖపట్నం దాకా దీపాలు వెలిగించేవి. మాచ్‌ఖండ్‌లో మొత్తం 6 యంత్రాలు, 120 మెగావాట్లు. లోయ అడుగున ఉన్న కేంద్రానికి దిగాలంటే మెట్లు కాదు, పట్టాల మీద వాలుగా దిగే వించి బండి. అందులో దిగిన మనుషులు చెప్పేవారు, గుండె ఆగినట్టుంటుందని. గొప్ప పనే అది, నేను కాదనను. ఆ కాలానికి అంత లోయలో అంత పని చేసిన ఇంజనీర్లకీ, జ్వరాలకి ఓర్చి నిలబడ్డ కూలీలకీ దండం పెట్టాలి. కానీ అక్క ఇంట్లో బల్బు వెలగడానికి ఆవిడకి మనవలు పుట్టేదాకా పట్టింది. ఈ రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

మన వైపు తాటిపూడి సంగతి కూడా కొంచెం చెప్తాను. అది గోస్తని మీద 1963లో మొదలుపెట్టి 1968 నాటికి కట్టేరు. గంట్యాడ వైపు పొలాలకి నీళ్ళు, విశాఖపట్నానికి తాగునీరు. అది కొండ కింద ఉంటుంది గనక వేడి ఎక్కువ, జోలాపుట్టు చలి ఉండదు. పడవ ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళి వెదురు కుటీరాల్లో ఉండొచ్చు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి అదే మంచిది, దారి దగ్గర, ఊరు దగ్గర, ఏదన్నా అయితే శృంగవరపుకోట ఆసుపత్రి దగ్గర. జోలాపుట్టు అలా కాదు. ఫోను ఆంధ్ర సిగ్నలా ఒడిశా సిగ్నలా అన్నది కూడా తేల్చుకోలేదు.

ఇప్పుడెందుకు ఇదంతా తవ్వుతున్నాను? మన అనంతగిరి మండలంలోనే పెదకోట దగ్గర కొత్త నీళ్ళ పని రాబోతోందని మీరూ వింటున్నారు. 2022లో సర్కారు ఒప్పుకుంది, 1000 మెగావాట్లకని. ఇది పాత రకం కాదు. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు. ఎండతోనూ గాలితోనూ కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్ళని పైకి తోడతారు, సాయంత్రం జనానికి కరెంటు కావలసినప్పుడు పైనించి వదిలి యంత్రాలు తిప్పుతారు. అవే నీళ్ళు రోజూ ఎక్కుతాయి, దిగుతాయి. జోలాపుట్టులో ఏడాదికోసారి తేలే బోడి పట్టీ ఇక్కడ రోజూ తేలుతుంది. దేశానికి కరెంటు కావాలి, నాకు తెలుసు. నా మనవరాలు రాత్రి చదువుకునేది ఆ కరెంటు వెలుగులోనే. నేను కోరేది ఒకటే. కర్రలు పాతే ముందు అడగాలి.

1946లో జోలాపుట్టు ముసలాయన చేతిలో ఏమీ లేదు. మీ చేతిలో ఉంది. 1996 పీసా చట్టం ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. పోడు భూమికి పట్టా అడిగే హక్కుంది, గ్రామసభలో లేచి నిలబడే హక్కుంది. సభ అంటే ఎవరో రాసి తెచ్చిన కాయితం మీద వేలిముద్ర వెయ్యడం కాదు. ఏ కర్ర దాకా నీళ్ళొస్తాయి, ఏ ఊట పోతుంది, ఏ చెట్టు పోతుంది, బదులు భూమి ఎక్కడ, మా ఇళ్ళల్లో దీపం ఎప్పుడు అని ఒక్కొక్కటీ అడిగి, జవాబు రాయించుకోవాలి. జవాబు నచ్చితే సరే అనండి, నచ్చకపోతే వద్దనండి. రెండూ మన హక్కే. సభ పెట్టిన రోజున కూలికి పోకండి. ఆడవాళ్ళు తప్పకుండా రండి, ఊట ఎక్కడుందో మగవాళ్ళకంటే మీకే బాగా తెలుసు.

ఇక గుడారాల సంగతి. వెళ్ళొద్దని అనను. వెళ్ళండి, పదిమందిని తీసుకెళ్ళండి, ఆ డబ్బు ఆవలి గూడేల పిల్లలతో కూడా పంచుకోండి, ఎందుకంటే ఆ ఒడ్డు వాళ్ళది. ముందు రోజే గూడేనికి వెళ్ళి పెద్దలకి చెప్పి చోటు అడగండి. పెద్దల రాళ్ళు తేలి ఉన్న చోట మేకు కొట్టకండి, పొయ్యి పెట్టకండి. పాటల పెట్టెలు రాత్రి కట్టేయండి. సీసాలూ ప్లాస్టిక్కూ మోసుకెళ్ళినట్టే మోసుకురండి, ఆ నీళ్ళు తాగేవాళ్ళు దిగువన వేలమంది ఉన్నారు. వచ్చినవాళ్ళని నెగడు చుట్టూ కూర్చోబెట్టినప్పుడు, గూడెంలో ఒక ముసలివాణ్ణో ముసలిదాన్నో పిలిచి, నీళ్ళ కింద ఉన్న ఊళ్ళ పేర్లు చెప్పించండి. ఆ పేర్లు తెలిసినవాళ్ళు ఏడాదికేడాదికీ తగ్గిపోతున్నారు. అక్క మామగారు పోయి చాలా ఏళ్ళయింది, ఆయన చెప్పిన పేర్లు నాకు కొన్నే గుర్తున్నాయి. మీ ఫోన్లలో పట్టి ఉంచండి, రాసి పెట్టండి, బళ్ళో మేష్టారికి ఇవ్వండి.

ఒకటి మాత్రం ఎవరేం చెప్పినా మర్చిపోవద్దు. జోలాపుట్టులో మధ్యాహ్నం దాటి గాలి లేచాక పడవ ఎక్కకండి. అతిథులు ఎంత తొందరపెట్టినా, ఎంత డబ్బిస్తామన్నా సరే, పొద్దున దాకా ఆగమని చెప్పండి.